రోరీ గాలగర్: ఏ రికార్డులో ఏ ధ్వని, దాన్ని ఎలా రాబట్టాలి?

వంగినతీగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఐరిష్ బ్లూస్-రాక్ గిటార్ వాద్యకారుడు రోరీ గాలగర్ వాయింపు మీద వరసగా, శ్రద్ధగా పని చేయాలని ఉంది. ఐరిష్ టూర్ '74 బాగా విన్నాను, మిగతావి అక్కడొకటి ఇక్కడొకటి. మూడు సందేహాలున్నాయి.

మొదటిది. టేస్ట్ బ్యాండ్ రోజుల నుంచి 1990 దాకా ఆయన ధ్వని చాలాసార్లు మారినట్టు వినిపిస్తోంది. ఏ కాలంలో పక్కన ఎవరున్నారు? ఏది ముందు వినాలి, ఏది తర్వాత?

రెండోది. పాత రేంజ్‌మాస్టర్ సర్క్యూట్‌తో కట్టిన ట్రెబుల్ బూస్టర్ (పై స్వరాలను పెంచే పెడల్), వాక్స్ ఏసీ30 తరహా యాంప్ ఉన్నాయి. గిటార్ నుంచి ట్యూనర్ పెడల్‌కి, అక్కడి నుంచి బూస్టర్‌కి, అక్కడి నుంచి యాంప్‌లో టాప్ బూస్ట్ ఛానెల్‌కి వెళ్తోంది. వాల్యూమ్ నాబ్ గడియారంలో 9 గంటల దగ్గరుంది. వస్తున్నదేమో చెవిలో గుచ్చుకునే సన్నటి శబ్దం. ఆ రికార్డుల్లో ఉన్న లావు, గరుకుదనం రావడం లేదు. పెడల్ లోపమా, కలిపిన తీరు లోపమా?

మూడోది. సోలో మధ్యలో ఆయన చిటికెనవేలితో నాబ్ తిప్పుతూ వావా పెడల్ లాంటి శబ్దం తెస్తాడు. నా స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ (తీగల చివర, బ్రిడ్జ్ పక్కన వాటి కంపనాన్ని పట్టే అయస్కాంతపు చుట్ట) ఎంచుకుంటే టోన్ నాబ్‌లు రెండూ తిప్పినా ఏ మార్పూ ఉండదు. ఆయన చేసింది ఎలా సాధ్యం?

పాతరికార్డు

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. బూస్టర్ సంగతి జర్మేనియం గారు చూస్తే బాగుంటుంది.

గాలగర్ 1948 మార్చి 2న ఐర్లండ్‌లో డోనెగల్ కౌంటీ బల్లీషానన్‌లో పుట్టాడు, పెరిగింది కార్క్ నగరంలో. అప్పట్లో అక్కడ కుర్రాడికి గిటార్ మీద బతకాలంటే షోబ్యాండ్ ఒక్కటే దారి. డాన్స్ హాళ్లలో ఆ వారం జనం నోట నానుతున్న పాటలన్నీ గంటల తరబడి వాయించే బృందాలవి. ఆయన చేరినది ఫోంటానా, తర్వాత దాని పేరే ఇంపాక్ట్ అయింది. చాలామంది ఈ దశను ఒక వాక్యంలో దాటేస్తారు కానీ, ముగ్గురే ఉన్నా వేదిక ఖాళీగా అనిపించకుండా రెండు గంటలు నడపగల సత్తా ఆయనకు అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. రిథమ్, లీడ్ ఒకే చేత్తో అల్లే పద్ధతి ఆ డాన్స్ హాళ్ల కష్టం.

టేస్ట్ 1966లో కార్క్‌లో మొదలైంది. మనం రికార్డుల్లో వినేది 1968లో కుదిరిన జట్టు: రిచర్డ్ మెక్రాకెన్ బాస్, జాన్ విల్సన్ డ్రమ్స్. ఆ ఏడాదే రాయల్ ఆల్బర్ట్ హాల్లో క్రీమ్ వీడ్కోలు కచేరీకి ముందు వాయించారు, 1969లో బ్లైండ్ ఫెయిత్‌తో ఉత్తర అమెరికా తిరిగారు, 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో వాయించారు. ఆ ఏడాది చివరికి జట్టు విడిపోయింది. స్టూడియో ఆల్బమ్‌లు రెండే: టేస్ట్ (1969), ఆన్ ది బోర్డ్స్ (1970). రెండోది తప్పక వినాలి. అందులో ఆయన ఆల్టో శాక్సఫోన్ కూడా వాయించాడు. తర్వాతి గిటార్ సోలోల్లో ఊపిరి తీసుకున్నట్టు వచ్చే ఖాళీలు అక్కడి నుంచి వచ్చాయేమో అనిపిస్తుంది నాకు.

1971లో సొంత పేరుతో మొదలుపెట్టాడు. బాస్ గెరీ మెక్‌అవాయ్, డ్రమ్స్ విల్గర్ క్యాంప్‌బెల్. మెక్‌అవాయ్ ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆయన పక్కనే ఉన్నాడు. ఒకే ఏడాదిలో రెండు ఆల్బమ్‌లు, రోరీ గాలగర్, డ్యూస్, వచ్చాయి. 1972లో లైవ్ ఇన్ యూరప్. ఏసీ30 ధ్వని నేర్చుకోవడానికి మీకు ఈ మూడే ఆధారం. కీబోర్డ్ దాదాపు లేదు కాబట్టి గిటార్ ఏం చేస్తోందో దాపరికం లేకుండా వినబడుతుంది. 1972లోనే మెలడీ మేకర్ పత్రిక పాఠకులు ఆయన్ను ఆ ఏటి మేటి గిటార్ వాద్యకారుడిగా ఎన్నుకున్నారు.

తర్వాత డ్రమ్స్‌కి రాడ్ డీఆత్, కీబోర్డ్‌కి లూ మార్టిన్ వచ్చారు. బ్లూప్రింట్, టాటూ (రెండూ 1973), ఐరిష్ టూర్ '74, అగెన్‌స్ట్ ది గ్రెయిన్ (1975), కాలింగ్ కార్డ్ (1976). మీరు విన్న లైవ్ రికార్డు 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీలది. ఉత్తర ఐర్లండ్ బాంబు పేలుళ్లతో అట్టుడుకుతున్న ఆ ఏళ్లలో బయటి బృందాలు బెల్‌ఫాస్ట్ వైపు రావడం దాదాపు మానేశాయి. ఈయన మాత్రం మానకుండా వెళ్లి అల్‌స్టర్ హాల్లో వాయించాడు. ఆ రికార్డులో జనం అరుపుల్లో వినిపించే ప్రేమకు అదే కారణం. ఈ దశలో పియానో మధ్యస్థాయి స్వరాలను నింపుతుంది కనుక గిటార్ కాస్త పక్కకు జరిగి, పై స్వరాల్లో ఎక్కువ తిరుగుతుంది. 1972 రికార్డుతో పోల్చి వినండి, తేడా తెలుస్తుంది.

1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ పిలిస్తే రోటర్‌డామ్ వెళ్లి వాళ్లతో వాయించి, జపాన్ పర్యటన ఉందని వెళ్లిపోయాడు. సింగిల్స్ విడుదల చేయడానికీ ఒప్పుకోలేదు. ఆయన వృత్తి జీవితం మొత్తం వేదికల మీద, ఆల్బమ్‌ల మీద నడిచింది. పాటల పట్టికల్లో వెతికితే ఆయన విలువ దొరకదు.

1977–78లో శాన్ ఫ్రాన్సిస్కోలో నిర్మాత ఎలియట్ మేజర్‌తో ఒక ఆల్బమ్ మొత్తం రికార్డు చేసి, నచ్చక పక్కన పడేశాడు (2011లో బయటికి వచ్చింది). డ్రమ్స్‌కి టెడ్ మెకెన్నాను తెచ్చుకుని, కీబోర్డ్ తీసేసి, జర్మనీలో ఫొటో-ఫినిష్ (1978) చేశాడు. టాప్ ప్రయారిటీ (1979), స్టేజ్ స్ట్రక్ (1980) ఇదే దారిలో వెళ్లాయి. ఇక్కడ ధ్వని బిరుసు, రాక్ పాలు ఎక్కువ. జింక్స్ (1982) తర్వాత ఐదేళ్ల ఖాళీ. డిఫెండర్ (1987), ఫ్రెష్ ఎవిడెన్స్ (1990) మళ్లీ బ్లూస్ వైపు తిరిగాయి. విమానం అంటే భయం, దానికి వాడిన మందులు, మద్యం కలిసి కాలేయాన్ని దెబ్బతీశాయి. కాలేయ మార్పిడి తర్వాత ఇన్ఫెక్షన్ సోకి 1995 జూన్ 14న లండన్‌లో పోయాడు, 47 ఏళ్లకు.

వినే వరస అడిగారు కదా: లైవ్ ఇన్ యూరప్, డ్యూస్, ఐరిష్ టూర్, ఆన్ ది బోర్డ్స్, కాలింగ్ కార్డ్, ఆపైన ఫ్రెష్ ఎవిడెన్స్. మిగతావి మీ ఇష్టం. వీటితో పాటు బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ లండన్ సెషన్స్ (1972) వినండి. పెద్దాయన పాడుతుంటే గాలగర్ ఎంత తక్కువ వాయిస్తాడో, ఆ కొంచెం ఎక్కడ పెడతాడో అందులో చూడాలి.

జర్మేనియం

రెండో ప్రశ్న నాది. మీ పెడల్‌లో లోపం ఉండొచ్చు, కానీ అంతకంటే ముందు మూడు చోట్ల కలిపిన తీరే తేడాగా ఉంది.

ఛానెల్: గాలగర్ రేంజ్‌మాస్టర్‌ను ఏసీ30లో నార్మల్ ఛానెల్‌కి ఇచ్చేవాడు, టాప్ బూస్ట్‌కి కాదు. టాప్ బూస్ట్ అనేదే అదనపు ట్రెబుల్ దశ. దాని ముందు ట్రెబుల్ బూస్టర్ పెడితే పై స్వరాలు రెండుసార్లు పెరుగుతాయి, కింది స్వరాలు అసలుండవు. చెవిలో గుచ్చుకునేది అదే.

వాల్యూమ్: 9 గంటల దగ్గర యాంప్ ఇంకా శుభ్రంగా, ఖాళీగా ఉంటుంది. ఈ బూస్టర్ తనంతట తాను వక్రీకరణ పుట్టించే పరికరం కాదు. అప్పటికే పగలడానికి సిద్ధంగా ఉన్న యాంప్‌ను పై స్వరాలతో తోసి పగలగొడుతుంది. ఏసీ30లో నాలుగు ఈఎల్84 వాల్వులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేదు. అందుకే హఠాత్తుగా కాకుండా మెల్లగా, గుండ్రంగా పగులుతుంది. నార్మల్ వాల్యూమ్ 1 గంట నుంచి 2 గంటల మధ్య పెట్టండి. బూస్టర్ ఆపి గట్టిగా మీటితే గరుకు రావాలి, మెల్లగా మీటితే పోవాలి. అక్కడ ఆపి, అప్పుడు బూస్టర్ వేయండి. కింది స్వరాలను బూస్టర్ కోసేస్తుంది కాబట్టి అంత వాల్యూమ్‌లోనూ బురదగా ఉండదు. మీరు వెతుకుతున్న లావు యాంప్ నుంచి రావాల్సిందే, పెడల్ నుంచి రాదు. కట్ నాబ్ 12 గంటల దగ్గర మొదలుపెట్టండి. అది తిరగేసి పని చేస్తుంది, కుడికి తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది.

30 వాట్ల ఏసీ30 ఆ స్థాయిలో చిన్న గదిలో చెవులకు హాని చేసేంత గట్టిగా ఉంటుంది. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య అటెన్యుయేటర్ (శబ్దం తగ్గించే పెట్టె) పెట్టండి, లేదా ఒకే ఈఎల్84 ఉన్న 5 వాట్ల యాంప్ వాడండి. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి ప్రీయాంప్ పెంచడం దీనికి సరైన బదులు కాదు, పగలాల్సింది పవర్ వాల్వులు కూడా.

ట్యూనర్: గిటార్‌కీ బూస్టర్‌కీ మధ్య బఫర్ (గిటార్‌ను తర్వాతి పరికరం భారం నుంచి వేరుచేసే సర్క్యూట్) ఉన్న ఏ పెడల్ ఉండకూడదు. రేంజ్‌మాస్టర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ, సుమారు 10 కిలోఓములు. పికప్ నేరుగా తగిలితే ఆ బరువుకు దాని పదును కాస్త మెత్తబడుతుంది. మధ్యలో బఫర్ వస్తే ఆ మెత్తదనం పోయి పచ్చి ట్రెబుల్ మిగులుతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే శుభ్రపడే గుణమూ పోతుంది. ట్యూనర్‌ను బూస్టర్ తర్వాత పెట్టండి.

ఈ మూడూ సరిచేశాక కూడా బాగోకపోతే పెడల్ తెరవండి. అసలు సర్క్యూట్‌లో భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక పీఎన్‌పీ జర్మేనియం ట్రాన్సిస్టర్ (ఓసీ44 లేదా ఓసీ71 తరహా), దాని మూడు కాళ్లు బేస్, ఎమిటర్, కలెక్టర్. బేస్‌కి రెండు రెసిస్టర్లు: మైనస్ 9 వోల్టుల వైపు 470 కిలోఓములు, భూమి (గ్రౌండ్) వైపు 68 కిలోఓములు. ఎమిటర్ నుంచి భూమికి 3.9 కిలోఓములు, దానికి సమాంతరంగా 47 మైక్రోఫారడ్. కలెక్టర్ భారం 10 కిలోఓముల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్), బూస్ట్ నాబ్ అదే. ఇన్‌పుట్ కెపాసిటర్ 5 నానోఫారడ్ (4.7 దొరుకుతుంది, అది చాలు), అవుట్‌పుట్ 10 నానోఫారడ్. బ్యాటరీ మీద 47 మైక్రోఫారడ్. ఇందులో ప్లస్ భూమి, మైనస్ కాదు.

బ్యాటరీ పెట్టి, భూమికీ కలెక్టర్‌కీ మధ్య వోల్టేజ్ కొలవండి. మైనస్ 7 దగ్గర ఉండాలి, 6.5 నుంచి 7.2 దాకా ఫరవాలేదు. మైనస్ 9కి అంటుకుని ఉంటే ట్రాన్సిస్టర్ నడవడం లేదు: చచ్చిపోయింది, లేదా కాళ్లు తప్పుగా పెట్టారు. ఓసీ శ్రేణిలో గాజు మీది ఎర్ర చుక్క కలెక్టర్ వైపు ఉంటుంది. 3, 4 వోల్టులకు పడిపోతే లీకేజీ (ట్రాన్సిస్టర్‌లో అదుపు లేకుండా కారే కరెంట్) ఎక్కువ.

సన్నగా ఉండడానికి అసలు కారణం ఇన్‌పుట్ కెపాసిటర్. 5 నానోఫారడ్‌తో రెండు మూడు వేల హెర్ట్జ్‌ల నుంచి కిందికి వెళ్లేకొద్దీ బూస్ట్ తగ్గుతూ వస్తుంది. పగిలే యాంప్ ముందు ఇది వరం, శుభ్రమైన యాంప్ ముందు శిక్ష. మీ యాంప్‌ను అంత పెంచలేని పరిస్థితైతే 10 నానోఫారడ్ వేయండి, మధ్యస్వరాలు నిండుతాయి. 47 వేస్తే అన్ని స్వరాలూ సమంగా పెరుగుతాయి, కానీ అప్పుడు అది ట్రెబుల్ బూస్టర్ కాదు, కింది తీగల మీద బురద మొదలవుతుంది.

ఇంకొకటి. ప్లస్ భూమి పెడల్‌ను మామూలు పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ గొలుసులో పెడితే షార్ట్ అవుతుంది. బ్యాటరీ వాడండి, లేదా విడివిడిగా ఐసొలేట్ చేసిన సప్లై వాడండి. ఈ సర్క్యూట్ లాగే కరెంట్ మిల్లీయాంప్‌లో నాలుగో వంతు కూడా ఉండదు, కాబట్టి బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. వాడనప్పుడు జాక్ తీసేయాలి, అంతే.

ఈ జోడీ ఎంత గొప్పదో చెప్పడానికి ఒక మాట: క్వీన్ బృందం బ్రయాన్ మే కుర్రాడిగా ఉన్నప్పుడు కచేరీ అయ్యాక గాలగర్‌ను ఆ ధ్వని ఎలా వస్తుందని అడిగి, ఏసీ30, ట్రెబుల్ బూస్టర్ అని తెలుసుకుని తనూ అదే పట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పాడు.

వంగినతీగ

చాలా కృతజ్ఞతలు. ట్యూనర్ వెనక్కి జరిపి, నార్మల్ ఛానెల్‌కి మార్చాక సగం సమస్య పోయింది. కానీ కలెక్టర్ మీద మైనస్ 3.2 వోల్టులు వస్తోంది. గట్టిగా మీటితే స్వరం చిరిగినట్టు తెగి తెగి వస్తోంది. ట్రాన్సిస్టర్ మార్చాలా? కొత్తది మంచిదో కాదో ఎలా చూడాలి?

జర్మేనియం

లీకేజీయే. కలెక్టర్ 3.2 దగ్గర ఉందంటే 10 కిలోఓముల మీద 5.8 వోల్టులు పడుతున్నాయి, అంటే 0.58 మిల్లీయాంప్. ఉండాల్సింది 0.2. ఎమిటర్ అప్పటికే మైనస్ 2.3 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఇక ట్రాన్సిస్టర్ కదలడానికి ఒక వోల్టు చోటు కూడా లేదు, అందుకే స్వరం తెగుతోంది.

మల్టీమీటర్‌లో ఉండే గెయిన్ (కరెంట్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) సాకెట్‌ను జర్మేనియంకి నమ్మకండి. అది లీకేజీని కూడా గెయిన్‌లో కలిపి చూపిస్తుంది. ఇలా కొలవండి. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎమిటర్‌కి ఇవ్వండి. కలెక్టర్ నుంచి 2.472 కిలోఓముల రెసిస్టర్ ద్వారా మైనస్‌కి (2.4 కిలోఓములు, 72 ఓములు వరసగా కలిపితే వస్తుంది, 2.43 ఒక్కటి పెట్టినా తేడా స్వల్పం). బేస్ గాలిలో వదిలేసి ఆ రెసిస్టర్ మీద వోల్టేజ్ చూడండి. 0.25 వస్తే లీకేజీ 100 మైక్రోయాంప్. ఇప్పుడు బేస్ నుంచి మైనస్‌కి 2.2 మెగాఓములు కలపండి, బేస్‌లోకి సుమారు 4 మైక్రోయాంప్ వెళ్తుంది. కొత్త రీడింగ్‌లోంచి పాతది తీసేసి వందతో హెచ్చవేస్తే అసలు గెయిన్. ఉదాహరణకు 1.05 వచ్చిందనుకోండి, 0.25 పోతే 0.80, అంటే గెయిన్ 80. ఈ సర్క్యూట్‌కి 70 నుంచి 100 మధ్యది, లీకేజీ 150 మైక్రోయాంప్ లోపు ఉన్నది ఏరుకోండి.

వేళ్లతో పట్టుకున్న ట్రాన్సిస్టర్‌ను వెంటనే కొలవకూడదు. ఒంటి వేడికే లీకేజీ పెరిగి రీడింగ్ పాకుతూ ఉంటుంది, సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. రెండు మూడు నిమిషాలు వదిలేసి అంకె నిలబడ్డాక రాసుకోండి. టంకం వేసేటప్పుడు కాళ్లకు క్లిప్ పెట్టి వేడి అటు పోనివ్వండి, లేదా సాకెట్ వాడండి. గాజు గొట్టం ఓసీల మీద నల్ల రంగు గీసుకుపోతే లోపలికి వెలుతురు తగిలి కూడా కరెంట్ పెరుగుతుంది, అలాంటిదైతే రంగు పూయాలి.

ట్రాన్సిస్టర్ దొరికేదాకా ఒక తాత్కాలిక మార్గం: 68 కిలోఓముల చోట 100 కిలోఓముల ట్రిమ్మర్ పెట్టి, విలువ తగ్గిస్తూ కలెక్టర్‌ను మైనస్ 7కి తీసుకురండి. లీకేజీ మరీ ఎక్కువైతే ఇది ఆ పూటకు కుదురుతుంది, గది వేడెక్కగానే మళ్లీ జారుతుంది.

గాజుగొట్టం

మూడో ప్రశ్నకి. మామూలు స్ట్రాటోకాస్టర్ వైరింగ్‌లో ఒక టోన్ నాబ్ నెక్ పికప్‌కి, ఇంకోటి మధ్య పికప్‌కి. బ్రిడ్జ్‌కి ఏదీ లేదు. మీ గిటార్ పాడవలేదు, ఫ్యాక్టరీ నుంచి అలాగే వస్తుంది. పరిష్కారం ఒక చిన్న వైరు, రెండు టంకాలు. ఐదు స్థానాల స్విచ్‌కి టోన్ వైపున బ్రిడ్జ్ స్థానం కాలు ఖాళీగా ఉంటుంది. దాన్ని పక్కనే ఉన్న మధ్య పికప్ కాలికి కలిపితే కింది టోన్ నాబ్ బ్రిడ్జ్‌కి కూడా పనిచేస్తుంది. నెక్ కాలికి కలిపితే వాల్యూమ్ పక్కనున్న మొదటి టోన్ నాబ్ వస్తుంది. చిటికెనవేలికి అందేది అదే కాబట్టి నేను ఈ నెక్ కాలి పద్ధతే చెబుతాను.

కెపాసిటర్ విలువ చాలా ముఖ్యం. టోన్ సున్నాకి తెచ్చినప్పుడు శబ్దం మూగబోదు. పికప్ కాయిల్, కెపాసిటర్ కలిసి కింద ఎక్కడో ఒక చిన్న ఉబ్బు చేస్తాయి. స్ట్రాట్ కాయిల్‌ను 2.5 హెన్రీలు అనుకుంటే, 100 నానోఫారడ్‌తో ఆ ఉబ్బు 320 హెర్ట్జ్ దగ్గర, 22తో 680 దగ్గర, 10తో వెయ్యి దగ్గర పడుతుంది. మనిషి 'ఓ' నుంచి 'ఆ'కి నోరు తెరిచినట్టు వినబడాలంటే 22 గానీ 10 గానీ వేయండి. పాత పద్ధతిలో ఉండే 100 మరీ కిందికి వెళ్లి మందంగా ఉంటుంది. పాట్ తేలిగ్గా తిరగాలి. బిగుసుగా ఉంటే చిటికెనవేలు లాగినప్పుడు పిక్ పట్టు చెదిరి లయ పోతుంది. ముందు ఒకే స్వరం మీద సాధన: నాబ్ సున్నాలో ఉంచి మీటి, ఒక తాళం కాలంలో 10కి తెరవాలి. అది కుదిరాక రెండు స్వరాలకు ఒకసారి.

ఎ మిలియన్ మైల్స్ అవే లాంటి చోట్ల స్వరం మీటిన చప్పుడు లేకుండా గాలిలోంచి ఉబ్బుతూ వస్తుంది కదా, అది వాల్యూమ్ నాబ్. సున్నాలో మీటి, చిటికెనవేలితో 7 దాకా తెరవడం. పూర్తిగా 10కి తెరిస్తే బూస్టర్ విరుచుకుపడి ఆ మెత్తదనం పోతుంది.

మీరు అడగలేదు కానీ ఆయన సంతకం లాంటిది ఇంకోటి ఉంది, పిక్ పక్క నుంచి కీచుమని లేచే హార్మోనిక్స్. పిక్‌ను 2, 3 మిల్లీమీటర్ల కొన మాత్రమే బయటికుండేలా పట్టుకోండి. తీగను కిందికి మీటిన మరుక్షణం బొటనవేలి కండ దాన్ని తాకి వదలాలి. అందరూ దీన్ని అదృష్టంగా వదిలేస్తారు, నిజానికి చోటు లెక్క. మూడో తీగ 5వ ఫ్రెట్ నొక్కారనుకోండి. 648 మిల్లీమీటర్ల స్కేలులో (తీగ మోగే మొత్తం పొడవు) అక్కడి నుంచి బ్రిడ్జ్‌కి 485 మిల్లీమీటర్ల తీగ మిగులుతుంది. బ్రిడ్జ్ నుంచి 121 మిల్లీమీటర్ల దగ్గర తాకితే రెండు అష్టకాలు పైన అదే స్వరం. 97 దగ్గర, అంటే దాదాపు మధ్య పికప్ మీద, ఇంకో పై స్వరం. 81 దగ్గర మరొకటి. ఫ్రెట్ మారితే ఈ చోట్లన్నీ జరుగుతాయి. అందుకే గాలగర్ కుడిచేయి ఒకచోట ఆనదు, పికప్‌ల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. వీడియోలో ఎడమచేయి కంటే దాన్ని చూడండి.

మెత్తనిఫ్రెట్

మధ్యలో వస్తున్నాను, ఒక చిన్న ప్రశ్న. ఆయన స్ట్రాట్‌కి రంగంతా లేచిపోయి చెక్క కనిపిస్తుంది. ధ్వనికి అదేమైనా సాయం చేసిందా? నా గిటార్‌కి గీకి చూద్దామా అనుకుంటున్నాను. అలాగే స్లైడ్‌కి (వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చే వాయింపు) ఏ ట్యూనింగ్ వాడాలి, ఇదే గిటార్ మీద కుదురుతుందా?

పాతరికార్డు

గీకకండి. అది 1961 నాటి సన్‌బర్స్ట్ గిటార్, నంబర్ 64351. కార్క్‌లో క్రౌలీ దుకాణంలో 1963లో వంద పౌండ్లకు వాయిదాల మీద కొన్నాడు. అంతకు ముందు రాయల్ షోబ్యాండ్ వాద్యకారుడొకరిది, ఆయన ఎరుపు కోరితే సన్‌బర్స్ట్ వచ్చిందట, అందుకే వదిలించుకున్నాడు. ఒకసారి డబ్లిన్‌లో దొంగలెత్తుకుపోయి, వానలో గుంటలో పడేస్తే దొరికింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు రాత్రి తర్వాత రాత్రి ఆయన చెమటలో తడిసింది. నైట్రోసెల్యులోజ్ పూత చెమటకు లేచిపోయింది. అది వాడకం గుర్తు, ధ్వని రహస్యం కాదు. ఇప్పటి గిటార్లలో చాలావాటికి పాలియెస్టర్ పూత, గీకితే పెంకుల్లా ఊడుతుంది తప్ప అలా అరగదు. చెమట వల్ల ఆయన గిటార్‌కి జరిగింది నష్టమే. నెక్ తేమ పీల్చి ఇబ్బంది పెట్టింది, ఫ్రెట్లు మళ్లీ మళ్లీ వేయించాల్సి వచ్చింది. మీరు వాయించాక తీగలు, నెక్ తుడవండి చాలు. ఆ గిటార్ 2024 అక్టోబర్‌లో లండన్ బోనమ్స్ వేలంలో అమ్ముడై, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరేలా ఏర్పాటైంది.

గాజుగొట్టం

స్లైడ్ సంగతి. దీనికి ఓపెన్ ట్యూనింగ్, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితేనే ఒక కార్డ్ (కలిసి పలికే స్వరాలు) వచ్చే శ్రుతి. ఓపెన్ ఏ అంటే కింది నుంచి ఈ, ఏ, ఈ, ఏ, సీ షార్ప్, ఈ. ఓపెన్ జీ అంటే డీ, జీ, డీ, జీ, బీ, డీ. రెండూ ఒకే ఆకారం, రెండు ఫ్రెట్ల తేడా. స్ట్రాట్ మీద ఓపెన్ ఏ కి వెళ్తే మూడు తీగలను ఒక్కో పూర్తి స్వరం పెంచాలి, ఒక్కో తీగ మీద బిగువు 26 శాతం పెరుగుతుంది. ట్రెమలో బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జ్) తేలుతూ ఉంటే అది ముందుకు లేచి మిగతా మూడూ దిగిపోతాయి. అవి సరిచేస్తే మొదటివి జారతాయి, అలా తిరుగుతూనే ఉంటారు. గాలగర్ స్లైడ్‌కి ఎక్కువగా టెలికాస్టర్, గ్రెట్ష్ కార్వెట్ లాంటి వేరే గిటార్లు ఎత్తుకునేవాడు. మీకు ఉన్నది స్ట్రాట్ ఒక్కటే అయితే వెనక గాడిలో ట్రెమలో ఇనుప దిమ్మకీ చెక్కకీ మధ్య సరిగ్గా పట్టే చెక్కముక్క బిగించి కదలకుండా చేయండి, ఓపెన్ జీ కి దించి 2వ ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే క్లిప్) పెట్టండి. అప్పుడు అదే ఓపెన్ ఏ, తీగలు తెగవు.

12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, తగ్గితే గాజు ఫ్రెట్‌కి తగిలి గలగలమంటుంది. పై తీగ మందం 11 గానీ 12 గానీ (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్నది వేయండి. గొట్టం చిటికెనవేలికి తొడిగితే మిగతా మూడు వేళ్లు కార్డులకు ఖాళీగా ఉంటాయి. స్వరం ఫ్రెట్ల మధ్య కాదు, సరిగ్గా ఫ్రెట్ లోహం మీదుగా పలుకుతుంది. గొట్టం వెనక చూపుడువేలు తీగల మీద మెత్తగా పడుకుని ఉండాలి, లేకపోతే వెనక మిగిలిన తీగ కూడా మోగి స్వరం గందరగోళమవుతుంది. బూస్టర్ ఆన్‌లో ఉంటే ఆ గోల పదింతలవుతుంది కాబట్టి, స్లైడ్ సాధన మొదటి నెల బూస్టర్ ఆపి, గిటార్ వాల్యూమ్ 6 దగ్గర పెట్టి చేయండి.